పెద్దమేస్త్రి వెతికిన పేరు

మా పెద్దమేస్త్రి పోయారని వినాయక చవితి వెళ్లిన మర్నాడు ఫోను వచ్చింది. చేసింది ఆయన కూతురు. "నాన్నగారి ఫోన్లో మీ నంబరు బహ్రెయిన్ తమ్ముడు అని ఉందండీ, అందుకని చేశాను," అంది. సమాధి చేసి అప్పటికే మూడు రోజులైంది. మంచిదమ్మా అన్నాను. అది అనవలసిన మాట కాదని ఫోను పెట్టేశాక తెలిసింది. ఊళ్లో నన్ను వాగుడుకాయ అంటారు.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. ఎనభైల్లో, సముద్రం మీద సౌదీకి వంతెన కడుతున్న రోజుల్లో, బహ్రెయిన్‌లో మామీర్ దగ్గర మా క్యాంపులో ఆయన వడ్రంగుల మేస్త్రి. ఆయనది కోనసీమ, నాది జగిత్యాల వైపు. మా ఊరివాళ్లకు గల్ఫంతా దుబాయే. బహ్రెయిన్ అని ఎంత చెప్పినా "దుబాయిల బహ్రెయినా?" అని అడిగేవాళ్లు. చివరికి నేనే ఒప్పుకున్నాను.

కాంక్రీటు పోయడానికి చెక్కలు కోసి బిగించడం మా పని. పెద్దమేస్త్రి చెక్కను కొలిచి, గీత గీసి, ఆ గీతను కాసేపు అనుమానంగా చూసి, మళ్లీ కొలిచేవారు. మేం రంపాలు పట్టుకుని నిలబడేవాళ్లం. ఫోర్‌మన్ యల్లా యల్లా అని తరిమేవాడు. "కోశాక నువ్వు అతుకుతావేంట్రా?" అని ఈయన తెలుగులో గొణిగేవారు, వాడికి అర్థం కాదన్న ధైర్యంతో. గొణిగి, మూడోసారి కొలిచేవారు.

ఆయనకు ఇంకో పని కూడా ఉండేది. శుక్రవారం పొద్దున తన గదిలో తెలుగు ప్రార్థన అయ్యాక టీ పెట్టుకుని కూర్చునేవారు. ఊళ్లో బిడ్డ పుట్టిందని కబురు వచ్చినవాడల్లా అక్కడికి పోయేవాడు, పేరు కోసం. మా గదుల్లోనే నలుగురు రాజయ్యలు. పొడుగు రాజయ్య, మిషిను రాజయ్య, గురక రాజయ్య, ఉత్త రాజయ్య. పాపం ఆ ఉత్త రాజయ్య జీవితమంతా దానికే బాధపడ్డాడు. ఎక్కడికో పోతున్నాను. పెద్దమేస్త్రి హిందువుకు హిందూ పేరు, క్రైస్తవుడికి క్రైస్తవ పేరు చెప్పేవారు. కానీ అర్థం తెలియకుండా ఏ పేరూ చెప్పేవారు కాదు. "రేపు వాడే వచ్చి నా పేరుకి అర్థమేంటి నాన్నా అని అడుగుతాడు. బిక్కమొహం వేస్తావా?" అనేవారు.

నా భార్యకు అప్పటికి రెండు కాన్పులయ్యాయి. ఇద్దరు బిడ్డలూ నెల తిరక్కుండా పోయారు. మూడోసారి నెలలు నిండుతుంటే మా అమ్మ ఉత్తరం రాయించింది. ఈసారి పుట్టగానే బిడ్డను పెంటకుప్ప మీద పండబెట్టి, ఎత్తుకొచ్చి, పెంటయ్య అని పిలుద్దామని. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు పక్కనుంచి పోతుందని మా దిక్కు నమ్మకం. నవ్వడానికి లేదు. మా వాడకట్టులో ముగ్గురు పెంటయ్యలుండేవాళ్లు, ముగ్గురూ దుక్కల్లా ఉండేవాళ్లు.

ఆ ఉత్తరం పట్టుకుని పెద్దమేస్త్రి దగ్గరికి పోయాను. చదివి, మడిచి నా చేతికిచ్చారు.

"నన్ను మా అమ్మ పుట్టగానే పొరుగావిడకి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది," అన్నారు. "నా ముందు నలుగురు పోయారంట. బాప్తిస్మం అయ్యేదాకా నా పేరు తవుడే. బతికాను, కాదనను. బళ్లో పంతులు ఆ పేరు పిలిచినప్పుడల్లా మాత్రం చచ్చేవాణ్ని."

"అయితే ఏం జేద్దామంటరు?"

"ఎవరూ పెట్టుకోని పేరు పెడదాం తమ్ముడూ. వెతుక్కుంటూ వచ్చినా, ఎవర్ని పిలవాలో చావుకి తెలియకూడదు."

ఇది ఆయన మతంలో ఉందో లేదో నాకు తెలియదు. ఉండదనే అనుకుంటాను. ఆ రోజు మాత్రం దేవుడి మాటలాగే వినబడింది. నా ఉత్తరం వచ్చేదాకా బిడ్డకు పేరు పెట్టొద్దు, పెంట మీద వెయ్యొద్దు అని ఇంటికి రాశాను. కొన్నాళ్లకు ఆఫీసుకు టెలిగ్రాం వచ్చింది. మగపిల్లవాడు, క్షేమం.

పేరు అప్పటికే మా కళ్ల ముందుంది. సైటులో ఫిలిప్పీన్స్ ముసలాయన ఒకడు కరెంటు పని చేసేవాడు. అతని పేరు జోయిలో. వాళ్ల మనుషులు వందల్లో ఉన్నా మరో జోయిలోను మేం చూడలేదు. నేను అదే పంపేద్దామన్నాను. పెద్దమేస్త్రి అర్థం తెలియాలన్నారు. ముసలాయన్ని అడిగితే నవ్వి, వచ్చీరాని హిందీలో చెప్పాడు. "మా తాత పేరు భాయ్. స్పెయిన్ వాళ్లు మా దేశం విడిచిపోతూ మరిచిపోయిన సామాన్ ఇది. అర్థం వాళ్లనే అడుగు."

పెద్దమేస్త్రి అడగడానికి నిజంగానే బయల్దేరారు. పట్నంలో హూరా అనే చోట ఒక హోటల్లో స్పెయిన్ వంటమాస్టరు ఉన్నాడని ఎవరో చెప్పారు. మొదటి శుక్రవారం పోతే అతనికి సెలవు. రెండో శుక్రవారం పెళ్లి విందు ఉందని గుమ్మంలోంచే పంపేశారు. ఇక చాలు, పంపేద్దామని బతిమాలాను. "వారం ఆగు. పేరు మళ్లీ మళ్లీ పెట్టేది కాదు," అన్నారు. నేను ఆగాను. ఆ మాట కూడా ఇక్కడ రాసుకోవాలి. నేను ఆగాను.

మూడో శుక్రవారం ఆయన క్యాంపు గేటు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. అంత పెద్దమనిషి పరుగెత్తగా అదొక్కసారే చూశాను. ఆ పేరు గ్రీకు మాటలోంచి పుట్టిందట. జీవం అని అర్థమట. పూర్వం ఆ పేరుగల భక్తుడొకాయన ఉండబట్టి స్పెయిన్‌లో నిలిచిందట. ఇప్పుడక్కడ కూడా పల్లెల్లో ముసలివాళ్లకు తప్ప లేదట. వంటమాస్టరు తన ఎరుకలో ఏ పసివాడికీ ఆ పేరు పెట్టగా వినలేదట. "చూశావా, అర్థం జీవం, పెట్టుకున్నవాడు లేడు," అని నా భుజం పట్టి ఊపారు. ఆ భక్తుడు చిన్నవయసులోనే చంపబడ్డాడని కూడా వంటమాస్టరు చెప్పాడట. ఆ ముక్క ఆయన నాకు చెప్పలేదు, తోడు వెళ్లిన మిషిను రాజయ్య తర్వాతెప్పుడో చెప్పాడు.

శనివారం ఉత్తరం వేశాం. బుధవారం ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. అందులో నాలుగే మాటలు. పేరు కొరకు చూసినం. పేరు రాలేదు. జరం వచ్చింది. పిల్లగాడు పోయిండు.

పెద్దమేస్త్రి వచ్చి నా మంచం చివర కూర్చున్నారు. అన్నిటికీ ప్రార్థన చేసే మనిషి, ఆ రోజు చెయ్యలేదు. "ఆలస్యం నాదే తమ్ముడూ," అన్నారు. కాదు అనాలి. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఒకే సైటులో, ఒకే చెక్కకు చెరో కొసా పట్టుకుంటూ రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను, మేకుల గురించి, డ్యూటీ గురించి. ఆయన ఆ తర్వాత ఎవరికీ పేరు చెప్పలేదు. అడగవచ్చిన వాళ్లతో "మీ అమ్మనడుగు బాబూ, ఆవిడకి తెలుసు," అనేవారు. శుక్రవారం టీ మాత్రం మానలేదు. ఎదురుగా ఖాళీ గ్లాసులు ఉండేవి.

మరుసటేడు సెలవు మీద ఇంటికి వచ్చాను. అది పెత్రమాస రోజు. మా దిక్కున ఆ రోజు పోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. మా నాయన పేరు చెప్పి లేవబోతుంటే నా భార్య చేటలో ఇంకో పిడికెడు బియ్యం పోసి, స్పష్టంగా "జోయిలో" అంది. అయ్యగారు మళ్లీ అడిగితే మళ్లీ చెప్పింది. మా ఉత్తరాన్ని ఆమె పక్కింటి పిల్లతో ఎన్నిసార్లు చదివించుకుందో నాకు తెలియదు.

"అంత చిన్నోళ్లకు ఇయ్యరే," అన్నాను.

"ముందటి ఇద్దరికి ఇయ్యలేదు. పేర్లే పెట్టకపోతిమి, ఏమని ఇయ్యాలె? వీడికి పేరుంది. మీ పెద్దమేస్త్రి పంపిండు."

ఈ మాట నేను ఆయనకు చెప్పవలసింది. తిరిగి వెళ్లాక చెబుదామనుకున్నాను. ఆ విషయం ఎత్తితే మళ్లీ ఆయన ముఖం చూడవలసి వస్తుందని జంకాను. ఆయన కోనసీమ వెళ్లిపోయారు. ఏటా క్రిస్మస్‌కు ఫోన్ చేసేవారు. మోకాళ్ల గురించి, వానల గురించి మాట్లాడుకునేవాళ్లం. మాటల మధ్య ఒక్కోసారి ఆగేవారు, నేను ఏదైనా అంటానేమోనన్నట్టు. నేను నవ్వించే కబురు ఏదో ఎత్తుకునేవాణ్ని. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ముప్పై ఏళ్లకు పైగా అదే చేశాను.

మొన్న పెత్రమాస వచ్చింది. పాత అయ్యగారి కొడుకు వచ్చాడు. మా వాళ్ల పేర్లయ్యాయి. నా భార్య పిడికెడు బియ్యం పోసి బిడ్డ పేరు చెప్పింది. తర్వాత నన్ను అడగలేదు. లోపలికి పోయి సోలెడు బియ్యం తెచ్చి పక్కనే పోసింది.

"ఇదెవరి పేరునమ్మా?" అన్నాడు అయ్యగారు.

"పెద్దమేస్త్రి," అంది.

"ఇంటి పేరు, గోత్రం?"

"ఆయన యేసు మనిషి అయ్యా. గట్లనే అను."

అతను అలాగే అన్నాడు. చేటలో పెద్ద కుప్ప పై నుంచి గింజలు జారుతూ పక్కనున్న పిడికెడు బియ్యంలో కలుస్తున్నాయి. ఆమె వాటిని వేరు చేయలేదు.