ఆళ్లగడ్డ మీద ఎర్రచుక్క

ఆ మనిషి ముఖం మాడిపోయిన ఆ ఉదయం గుర్తొస్తే ఇప్పటికీ నా కడుపు చల్లబడుతుంది. పగ మంచిది కాదంటారు. అననీండి.

మాది విత్తనాల కంపెనీ. నంద్యాల ఆఫీసులో సర్వర్ల పని నేనే చూసేవాణ్ణి. కొత్తగా వచ్చిన ఇన్‌చార్జి రాగానే నా దగ్గర్నుంచి సర్వర్ పాస్‌వర్డ్ లాక్కున్నాడు. "నీకెందుకప్పా ఆ పర్మిషన్?" అన్నాడు అందరి ముందూ. తర్వాత నన్ను ఆళ్లగడ్డ బ్రాంచికి తోశాడు. పోనీలే అనుకుని, రోజూ బస్సులో కూర్చుని శనగ చేలు చూసుకుంటూ పోయి వచ్చేవాణ్ణి. ఆయన అక్కడితో ఆగి ఉంటే నేనూ ఆగేవాణ్ణి.

ఆగలేదు. ఒక వెబ్ పేజీ రాశాడు. అది బ్రాంచి కంప్యూటర్లను పింగ్ చేస్తుంది, అంటే ఒకసారి పిలిచి చూస్తుంది. పలికితే పచ్చచుక్క, పలకకపోతే ఎర్రచుక్క. ముందు పరీక్షకని మా ఆళ్లగడ్డ ఒక్కదాన్నే పెట్టాడు. పెట్టిన దగ్గర్నుంచీ ఎర్రచుక్కే.

"ఏమప్పా, మళ్లా మిషన్ ఆపేసి యాడికి పోయినావ్?" అని ఫోను.

"ఈడనే ఉండా సార్. నడుస్తానే ఉంది."

"నేను చేత్తో పింగ్ కొడితే పలుకుతాంది. పేజీలో సచ్చినట్ల చూపిస్తాంది. అంటే ఏందీ? నా ఫోన్ వస్తానే ఆన్ చేస్తాండావ్!"

ఇదే మాట మేనేజరు దాకా మోశాడు. నేను కంప్యూటర్ ఆపేసి ఇంటికి జారుకుంటున్నానట. వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి, లేకపోతే ఉద్యోగం ఊడుతుందని కబురొచ్చింది.

అయితే "చేత్తో పింగ్ కొడితే పలుకుతాంది" అన్నప్పుడే నాకు గుట్టు తెలిసిపోయింది. నల్లతెర మీద కమాండ్ కొట్టేది ఆయన. పేజీలో కొట్టేది ఆయన కాదు, వెబ్ సర్వర్. అది నడిచే యూజర్ పేరు వేరు, ఆ యూజర్‌కు పింగ్ వాడే పర్మిషన్ ఇవ్వలేదు. పర్మిషన్ లేదని సర్వర్ మొత్తుకుంటూనే ఉంటుంది. ఈయన స్క్రిప్టు ఆ మాట చెవిన పెట్టదు, జవాబు రాలేదంటే చాలు ఎర్రచుక్క పెట్టేస్తుంది. మా కంప్యూటర్ దాకా పిలుపు రానేలేదు! ఫోన్లో చెప్పి ఉంటే అప్పుడే తేలిపోయేది. చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

మర్నాడు ఉదయం నంద్యాలలో నన్ను మేనేజరు ముందు నిలబెట్టారు. గోడ మీద పెద్ద తెర, దాని మీద నా ఎర్రచుక్క.

"సార్, ఆళ్లగడ్డ అడ్రసు తీసేసి, ఈ పేజీ నడిచే మిషన్ అడ్రసే పెట్టమనండి," అన్నాను.

ఇన్‌చార్జి గొణిగాడు. "పెట్టప్పా, పోయేదేముంది," అన్నాడు మేనేజరు. ఇన్‌చార్జి తన చేత్తోనే టైపు చేశాడు. ఎర్రచుక్క వచ్చింది.

"ఈ మిషన్ ఎవురు ఆపేసినారు సార్? ఆపేసింటే ఈ పేజీ ఎట్ల కనపడతాంది?"

ముందు మేనేజరు నవ్వాడు, తర్వాత చూడ్డానికి చేరిన అకౌంట్స్ వాళ్లందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వకుండా జరిగిందంతా నిదానంగా, ఒక్క ముక్క వదలకుండా వివరించాను. ఇన్‌చార్జి తల దించుకుని వినాల్సి వచ్చింది.

"సరేలేప్పా, నువ్వే సరిచేసి పో," అన్నాడు మేనేజరు. ఇన్‌చార్జి కుర్చీలోంచి లేచి, కీబోర్డు నా వైపు జరిపాడు.

నేను చేతులు కట్టుకున్నాను.

"నాకు పర్మిషన్ లేదు సార్. నీకెందుకప్పా అని ఈ ఇన్‌చార్జి సారే అన్న్యాడు."