కొండ చెరువు దగ్గర కాల్చిన సరం

మా అక్కను కొండమీది చెరువుకిచ్చి పెళ్లి చేశాం. ఊరని చెప్పుకోవడానికి అక్కడ ఊరేమీ లేదు. ఒక చెరువు, దాని గట్టున తొమ్మిది ఇళ్లు, చుట్టూ అడవి. చేపలు పట్టి కింద సంతలో అమ్ముకునేవాళ్లు. ఇప్పుడక్కడ ఎవరూ లేరు.

పొద్దు వాలితే అక్కడెవరూ గొంతెత్తేవాళ్లు కాదు. అవతలి గట్టుకు ఏనుగులు నీళ్లకొచ్చేవి. అవి తాగి వెళ్లేదాకా చంటిపిల్లలక్కూడా గుసగుసలే. దిగిపొమ్మని ఫారెస్టువాళ్లు ఏళ్ల తరబడి చెప్తున్నా వీళ్లది ఒకటే జవాబు: "అవి మమ్మల్ని ముట్టలేదు, మేము వాట్ని ముట్టలేదు."

నేను అరవదేశంలో సాత్తూరు దగ్గర టపాకాయల కంపెనీలో పనిచేస్తాను. పోయినేడు మేనకోడలికి చెవులు కుట్టే వేడుక పెట్టారు. మా వైపు మేనమామ సీరుపళ్లేలతో, అంటే కానుకల పళ్లేలతో వస్తే ముందు టపాకాయలు పేలాలి. లేకపోతే ఏం మేనమామ? పెద్ద టపాకాయల సరమొకటి సంచిలో వేసుకుని, ముందురోజు సాయంత్రానికి కొండెక్కాను.

అక్క సంచిలోకి చూసి హడలిపోయింది. "సుమ్మా ఉండరా తమ్ముడా! ఇక్కడ సత్తం చేసేది లేదు, చిన్న చప్పుడు కూడా."

"ఒక్క సరమే కదక్కా. మేనమామనై ఉండి దొంగోడి మాదిరి వస్తానా?"

ఆ సాయంత్రమే వెలిగించాను. ఎంత పొగరు నాకు!

అవతలి గట్టున పిల్లతో ఉన్న ఏనుగు బెదిరి, చెరువు చుట్టొచ్చి ఇళ్ల మీదుగా పరిగెత్తింది. జనం నీళ్లలోకి దూకారు. మూడిళ్లు నేలమట్టమయ్యాయి. బావ తల్లికి నడుము విరిగింది. ఇప్పటికీ ఆమె మంచం దిగలేదు.

మర్నాడు రేంజరు వచ్చాడు. నేలంతా ఎర్రకాగితాల తుక్కు. అందర్నీ నిలబెట్టి అరవంలో అడిగాడు. "ఎవడు కాల్చాడో చెప్పండి, వాణ్ణి పట్టుకుపోతాను. చెప్పలేదా, అందరూ కొండ దిగాల్సిందే."

నేను బావ వెనక నక్కి నిలబడ్డాను. తల్లి నొప్పితో మూలుగుతుంటే ఆయనకు వినబడుతూనే ఉంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"తెలీదు సామీ" అన్నాడు బావ.

పక్కింటాయనా అదే అన్నాడు. కూలిన ఇంటి ముసలాయనా అదే. వాళ్లకు నేనేమవుతానని? రేంజరు ఒక్కొక్కరినీ అడుగుతూ నా దగ్గరికొచ్చాడు. తొమ్మిదిళ్లవాళ్లూ తల దించుకునే ఉన్నారు. ఒక్కరూ నావైపు చూడలేదు.

"నాకూ తెలీదు సార్" అన్నాను.