డబ్బాల మీద ఓడగంట

నూటయాభై చెప్పిన ఓడగంటను అరవైకి కొట్టుకొచ్చిన మొనగాణ్ని కామాటిపురా మొత్తంలో నేనొక్కణ్నే. ఇత్తడిది, గుమ్మడికాయంత. మేముండేది పదడుగుల గది. అందులో ఓడ పట్టదన్న సంగతి పాత సామాన్లమ్మే చోర్ బజార్‌లో నాకు తట్టలేదు. తట్టినా ఆగేవాణ్ని కాదు. ఫోరస్ రోడ్డు దుకాణాల మధ్య పెరిగినవాడికి ధర దిగుతుంటే వచ్చే మత్తు అలాంటిది.

ఇంటికి రాగానే నెల లెక్క వేశాను. బట్టల కొట్టు జీతం ఏడు వందలు, బేరంలో మిగిలినది తొంభై, మొత్తం ఆదాయం ఏడు వందల తొంభై. లంగాలు కుడుతున్న నా భార్య మిషన్ ఆపి కాగితం చూసింది.

"ఏడ ఉన్నయి ఈ తొంభై? తీ, పాల భయ్యాకిస్త."

లేవు. నిజానికి గంటకు పోసిన అరవై పాలవాడివే.

ఆమె తొక్కే మిషన్ అద్దెది. కింది అంతస్తు మరాఠీ ఆవిడది. దీపావళికి ఊరెళ్లిపోతున్నాననీ, నాలుగు వందల యాభై ఇస్తే మిషన్ మాదేననీ, లేదంటే అమ్మేస్తాననీ ఆవిడ చెప్పేసింది. మిషన్ పోతే నాగ్‌పాడా నుంచి వచ్చే కుట్టుపని పోయినట్టే. అప్పుడే వానలు మొదలయ్యాయి. దీపావళి అయిదు జీతాల దూరంలో ఉంది.

"నెలకు తొంభై సంపాయించిన అంటివి గద," అంది నా భార్య. "గవే నెలనెల నాకియ్యి. అయిదు నెలలల్ల మిషన్ మనదైతది."

నా దొంగ ఆదాయాన్నే నా మెడకు కట్టింది.

నాలుగు డాల్డా డబ్బాలు కడిగి వరసగా పెట్టింది: అద్దె, బియ్యం-పాలు, నా ఖర్చు, మిషన్. పైన మేకుకు గంట తగిలించింది. డబ్బా ముట్టుకునేవాళ్లు ముందు గంట కొట్టాలి. వరస గదుల మా చాళ్‌లో ముందున్న గాలరీ అందరిదీ, చెవులూ అందరివీ. గంట మోగితే చాలు, పక్క గది అవ్వ కేకేసేది:

"ఏం బిడ్డా, మల్ల ఓడ కొంటున్నవా?"

గణపతుల రోజుల్లో సూది లేని గ్రామఫోన్ ఒకటి ఎనభై నుంచి ముప్ఫైకి దిగి నన్ను పిలిచింది. గంట నాలుకకు జేబురుమాలు చుట్టి మిషన్ డబ్బా అందుకున్నాను. తుప్పు మూత గంటకన్నా గట్టిగా అరిచింది. నా భార్య వెనక్కి తిరిగింది.

"ముప్పయి ఇయ్యవే."

"లేవు."

"ఇరవై. మిగిలింది నేను తగ్గిపిచ్చుకుంట."

"లేవు."

"పది. అప్పనుకో."

"రుమాలు ఇప్పుకో. మల్ల అదొకటి కొంటవు."

ధర కదలకపోవడం నా జన్మలో అదే మొదలు.

అక్కణ్నుంచి బేరమంతా నాతోనే. గ్రాంట్ రోడ్ నుంచి బస్సు మాని నడక. ఇరానీ హోటల్లో చాయ్, బన్ లేకుండా. ఒక నెల మూడు రూపాయలు తక్కువైతే పాత పేపర్లు అమ్మాను, కిలోకు పావలా ఎక్కువ గుంజి. తొంభై మాత్రం తప్పలేదు.

దీపావళికి ముందు డబ్బా నేలమీద బోర్లించాం. కింది అంతస్తు ఆవిడ దగ్గర నన్ను నోరెత్తవద్దని చెప్పి, నా భార్యే మరాఠీలో అడిగింది:

"మావ్‌శీ, పట్టా తుట్‌లాయ్. పంచ్‌వీస్ కమీ కరా నా."

మిషన్ బెల్టు పట్టా తెగిందన్న ఆ ఒక్క మాటకు ఇరవై అయిదు తగ్గాయి. నేను చాళ్ మొత్తం వినేలా గంట కొట్టాను. అవ్వ బయటికొచ్చింది.

"ఓడొచ్చిందా?"

"వచ్చిందవ్వా. చాయ్ తాగిపో."

మిషన్ నాలుగు వందల ఇరవై అయిదు. కొత్త పట్టా, నూనె ఏడు. గాలరీ మొత్తానికి చాయ్ పన్నెండు. డబ్బాలో మిగిలింది ఆరు. తగ్గిన ఇరవై అయిదును ఈసారి నేను ఆదాయంలో రాయలేదు. గంట, అరవై: ఖర్చు.