పొడి ఉడికే చప్పుడు

“అచ్చులోనుంచి తీస్తానే పువ్వు పొడిపొడి అయిపోతా ఉండాది. ఇది ప్లాస్టరా, ముగ్గుపిండా జయరావన్నా?”

“నీళ్ళు నువ్వు ఎక్కువ పోసుకోని నా మింద పడతావేందప్పా?”

తిరుచానూరు లాడ్జీల గదుల కప్పులకు ప్లాస్టర్ పువ్వులు పోసే మునికుమార్, మోసుకొచ్చిన ప్లాస్టర్ మూటను కింద పడేశాడు. జయరావు దానివైపు చూడనే లేదు. పూతలపట్టు దాటాక ఉన్న ఆ బట్టీలో జిప్సం రాయిని కాల్చి ప్లాస్టర్ చేసే పని అతనిది. మెత్తగా దంచిన రాతిపొడిని పెద్ద ఇనప బాండలిలో పోసి, కింద మంట పెట్టి, పొడుగు పారతో కలుపుతూనే ఉంటాడు. కనుబొమ్మల నిండా తెల్లటి దుమ్ము. రాయిలో ఉన్న నీరు ఆవిరై పైకొచ్చేటప్పుడు, పొడి పాయసంలా గుబగుబలాడుతుంది. అప్పుడు బాండలిమీద గాజుముక్క పట్టి చూస్తాడు. గాజుకు చెమ్మ పట్టకపోతే పొడి కాలినట్టు. తొందరపడి దించేస్తే ఆ ప్లాస్టర్‌కు బలం రాదు.

“నువ్వే సూడు” అంటూ జయరావు పొయ్యిమీదున్న వాయికి గాజు పట్టాడు. “చెమ్మ యాడుండాది? బాగా ఎండిపోయినాది.” గాజు అంచునుంచి నీటిబొట్టు జారి అతని బొటనవేలిమీద పడింది. మునికుమార్ అతని కళ్ళలోకి చూశాడు. పాపల మీద పొర ముదిరిపోయి ఉంది.

“ఎన్నాళ్ళనుంచన్నా?” గొంతు తగ్గించి అడిగాడు.

జయరావు ఓనరు గదివైపు ఒకసారి తల తిప్పి, మళ్ళీ పార అందుకున్నాడు. ఈ పని పోతే ఈ వయసులో ఇంకొకటి ఇచ్చేవాళ్ళు లేరు.

“ఈ ఒక్క వాయికి నా పక్కన నిలబడప్పా. చెమ్మ పట్టేది నిలిస్తానే చెప్పు. అప్పుడు పొడి చప్పుడు ఎట్లుంటాదో చెవుల్తో నేర్చుకుంటా.”