పిలక మందు, వేరు మందు

సీసాలను ఉడికించే ఆటోక్లేవ్ మూత తీయగానే, పంచదారా అగర్ జెల్లీ కలిసిన తియ్యటి ఆవిరి ముఖాన కొడుతుంది. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే చాలు, రజియా మేడమ్ గుర్తొస్తారు. తొంభైల చివర్లో గుణదల దగ్గర సీసాల్లో అరటి మొక్కలు పెంచే ఒక చిన్న టిష్యూ కల్చర్ ల్యాబుకు ఆవిడ ఇన్‌ఛార్జి. నేను డిగ్రీ అయిపోయి అప్పుడే చేరిన దాన్ని.

సీసాలో అరటి దుంప ముక్కకు తిండి ఆ జెల్లీయే. అందులో రెండు హార్మోన్లు కలుపుతాం. ఒకటి పిలకలు పుట్టిస్తుంది, రెండోది వేర్లు. పుస్తకాల్లో వాటికి నోరు తిరగని పేర్లుంటే ఉండనీ, మాకు మాత్రం అవి పిలక మందు, వేరు మందు. మేడమ్ వాటిని బంగారంలా తూచేవారు. ఆ కాసేపూ ఫ్యాను కట్టేయాలి, ఎవరూ మాట్లాడకూడదు. చెమటకు నేను విసుక్కుంటే, "ఉప్పెక్కువైతే కూర పారేస్తాం. ఇదెక్కువైతే రైతుకి ఏడాది పోద్దమ్మా," అనేవారు.

ఆవిడ పురిటి సెలవులో ఉండగా ఆర్డర్లు మీద పడ్డాయి. మా యజమాని ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. పిలక మందు పెంచమన్నాడు. సీసాల నిండా పిలకలు గుబురుగా లేస్తే అందరం సంబరపడ్డాం. మేడమ్ తిరిగొచ్చేసరికి ఆ మొక్కలు వేళ్లూని షేడ్‌నెట్ నీడకి, బయటి నేలలోకి చేరాయి. కొన్నిటి ఆకులు వెడల్పు లేకుండా, దళసరిగా, తెల్లచారలతో ఉన్నాయి. ఆవిడ నేరుగా యజమాని గదికి వెళ్లారు.

"వీటికి గెల సరిగా రాదు సార్. బాగున్నవాటిని కూడా నమ్మలేం."

"ఆకు చూసి రైతుకేం తెలుస్తుందండీ? పంపేయండి. లేదా మీరే వెళ్లిపోండి."

మర్నాడు మైలవరం నుంచి రైతు ట్రాక్టరేసుకుని వచ్చాడు. మేడమ్ గేటు దగ్గరికే ఎదురెళ్లి, యజమాని వింటుండగానే ఉన్నదున్నట్టు చెప్పేశారు.

"గుంటలు తీసి కూర్చున్నాక ఇప్పుడా చెప్పేది? ఏం చదువులమ్మా మీవి!" అంటూ రైతు చెడామడా తిట్టాడు. ఖాళీ ట్రాక్టరుతోనే వెనక్కి వెళ్లిపోయాడు. మేడమ్ ఉద్యోగం అక్కడితో సరి.

బస్టాపులో నాకు ఏడుపు ఆగలేదు. "మంచి చేసినందుకు తిట్లా మేడమ్?"

"తిట్టనీ అమ్మా. ఇవాళ నన్ను తిట్టి ఊరుకుంటాడు. అవి నాటుంటే ఏడాది పొడుగూ తన్ను తాను తిట్టుకునేవాడు."

ఇప్పుడు ఇంకో ల్యాబులో ఇన్‌ఛార్జి కుర్చీ నాది. మొన్న మా డైరెక్టరుగారు, "పిలక మందు కాస్త పెంచితే పోలా?" అన్నారు. కుదరదండీ అన్నాను. బయటికొచ్చాక, ఈ ఉద్యోగం పోతే ఎలా అని భయమేసింది. ఆ రోజు మేడమ్ చంటిపిల్ల ఉన్న ఇంటికి ఉద్యోగం పోగొట్టుకుని వెళ్లారు. ఆవిడకూ భయమేసి ఉంటుందని నాకు ఇన్నాళ్లకు తట్టింది.