సంచిలో చెయ్యి పెట్టని బేరం

పోయిన వారం పటాన్‌చెరు నుంచి ఎవరో ఫోన్ చేసి మా అన్న యూట్యూబ్ ఛానెల్ కొంటామన్నారు. అన్న పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పాత వీడియోలన్నీ తీసేసి కిష్టారెడ్డిపేట ప్లాట్ల ప్రకటనలు పెట్టుకుంటారట. వాళ్లకు కావలసింది అన్న మాట వినడానికి అలవాటుపడిన ఆ కొద్దిమందే. దుకాణం కిరాయి కట్టలేక అవస్థ పడుతున్న వదిన, అమ్మాలో వద్దో నన్నే తేల్చమంది. ఆలోచించి చెబుతానన్నాను గానీ, ఆ మనిషి ఫోన్లో అన్నను అంతగా మెచ్చుకోవడమే నాకు నచ్చలేదు.

మన తరం వాళ్లకు చెప్పనక్కరలేదు. సంగారెడ్డిలో మా నాయన పప్పుల దుకాణం నడిపిన రోజుల్లో, నిజంగా కొనే మనిషి సరుకును పొగిడేవాడు కాదు. గోనెసంచిలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న గింజలు తీసి, కొరికి చూసి, ఏదో ఒక వంక పెట్టేవాడు. పైపైన చూసి బాగుందన్నవాడు అప్పు అడగబోతున్నాడని నాయన ముందే కనిపెట్టేవాడు. ఒక పట్టింపు కూడా మా ఇంట్లో ఉండేది, దారిన పోయేవారిని పిలిచి అమ్మకూడదని.

నాయన తర్వాత దుకాణం అన్న నడిపాడు. గిరాకీ తగ్గాక మధ్యాహ్నాలు ఫోన్ ముందు కూర్చుని, కందిపప్పుకు రంగు వేస్తే ఎలా తెలుస్తుందో, మా వైపు చేలలో జొన్న ఎందుకు తగ్గిపోయిందో, చదివినదీ చూసినదీ కలిపి నిదానంగా చెప్పేవాడు. దాని మీద వచ్చినది రీఛార్జికి కూడా చాలేది కాదు. వదిన విసుక్కునేది.

"సబ్‌స్క్రైబ్ చేసి గంట కొట్టుమని వీడియో చివర్ల ఒక్క మాట చెప్తే మీ నోట్ల ముత్యాలు రాల్తయా?"

"మన దుకాణంల ఎన్నడన్న రోడ్డు మీద పోయేటోన్ని పిలిచినమా?" అనేవాడు అన్న.

"గా పట్టింపుకే గిరాకీ పక్క దుకాణానికి వోయింది," అనేది ఆమె. ఆ మాటా అబద్ధం కాదు.

నిన్న ఆ మనిషి మళ్లీ ఫోన్ చేశాడు.

"అన్నీ చూసిన సార్, పెద్దాయన సూపర్."

"జొన్నల వీడియో చూసినవా?" అన్నాను.

"అది ఇంకా సూపర్ సార్."

"దాంట్ల తప్పేమన్న కనవడ్డదా?"

"అయ్యో, ఒక్కటి గూడ లేదు సార్!"

ఆ వీడియోలో అసలు కారణం చెప్పే చోటనే లారీ హారన్ మోగి అన్న గొంతు మునిగిపోతుంది. మళ్లీ తీయమని వదిన అంటే, రోడ్డు పక్క దుకాణానికి లారీలు రాకుండా ఉంటాయా అని నవ్వి వదిలేశాడు. ఒక్కసారి విన్నవాడికైనా అది తెలుస్తుంది.

ఏమన్నాడని వదిన అడిగింది.

"సంచిల చెయ్యే పెట్టలేదు వదినా."

"అట్లయితే ఉండనియ్యి. కిరాయి సంగతి ఇంకోతీరుగ సూద్దాం," అంది.

వంక పెట్టడానికైనా అప్పట్లో ఒకరు అడుగు దాకా చెయ్యి పెట్టేవారు. అన్న సంచి మూతి విప్పి అన్నేళ్లు కూర్చున్నాడు. హారన్‌లో మునిగిన ఆ మాటేమిటని ఇప్పటికీ ఒక్కరూ అడగలేదు.