పది నుంచి ఎనభైకి

పొద్దున బడి పిల్లల్ని కారులో దింపే ఆ డ్రైవరమ్మకు, ఆ తర్వాత రోగులను ఆసుపత్రికి చేర్చే పని కూడా దొరికేలా ఉంది. మధ్యలో దొరికే నలభై నిమిషాల్లో కారు బ్యాటరీ పది శాతం నుంచి ఎనభైకి చేరితేనే ఆ పని ఒప్పుకోగలదు. పోయిన వారం చూసిన రెండు ఛార్జింగ్ స్టేషన్లూ గంట దాటించాయి. దారిలో ఇక మిగిలింది ఈ మూడోదే.

సెలవు రోజు చూసుకుని అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. తీరా చూస్తే బ్యాటరీలో పన్నెండు శాతం ఉంది. వెంటనే ఏసీ పూర్తిగా పెంచి, కారును స్టేషన్ చుట్టూ తిప్పసాగింది.

"ఛార్జింగ్ పెట్టడానికొచ్చి ఉన్నది పారబోస్తావేంటే?" అంది అత్తగారు చలికి ముడుచుకుంటూ.

"రోజూ పదితోనే వస్తాను కదత్తయ్యా! పరీక్ష కూడా అక్కణ్నుంచే."

పది చూపగానే ఛార్జింగ్ గన్ను కారుకు తగిలించింది. అంకెలు పరుగందుకున్నాయి. డెబ్బై దగ్గర పక్క గన్నుకు మరో కారు తగులుకోగానే కరెంటు రెండింటికీ పంచుకుపోయి వేగం సగానికి పడిపోయింది. అత్తగారు ఒక్క ఉదుటున దిగి ఆ కారతనితో, "బాబూ, కాసేపు ఆగవూ? మా కోడలికి పరీక్ష!" అంది. అతను నవ్వి, గన్ను తీసేయబోయాడు.

"వద్దండీ, ఉంచండి. రోజూ ఎవరో ఒకరు వస్తారుగా!" అంది కోడలు.

"నీ నిజాయితీ తగలెయ్య!" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది.

ఇద్దరూ తెర మీదికి వంగి ఊపిరి బిగబట్టారు. డెబ్బై ఐదు. డెబ్బై ఎనిమిది. ఎనభై పడేసరికి ముప్పై ఎనిమిదో నిమిషం! అత్తగారు చప్పట్లు కొడుతుండగానే కోడలు ఆసుపత్రికి ఫోన్ కలిపింది.

"రేపట్నుంచే వస్తానండీ!"